దేవుడిచ్చిన బాణీ

"ఆగు," అంది ముసలావిడ.

సుజిత చెయ్యి ఆగిపోయింది. తడిగుడ్డ ఇంకా ఆవిడ వీపు మీదే ఉంది. నీళ్ళు మరీ వేడిగా ఉన్నాయేమోనని బేసిన్‌లో వేలు ముంచి చూసింది. గోరువెచ్చగానే ఉన్నాయి.

"నొప్పిగా ఉందా మామా?" ఈ వార్డులో పెద్ద వయసు ఆడవాళ్ళందరినీ అలాగే పిలుస్తారు, అమ్మా అన్నట్టు.

"నొప్పి ఎలాగూ ఉంటుంది. నేననేది నీ పాట గురించి. పైకి వెళ్తుందనుకున్న చోట కిందికి దిగావు. దిగి, అక్కడే వదిలేశావు. తర్వాతేంటి?"

"నేనేం పాడట్లేదు మామా."

"పాడుతున్నావు హనీ. నేనొచ్చిన దగ్గర్నుంచీ వింటున్నాను. ఆ సంగతి నీకే తెలీదు."

సుజితకి చెంపలు వేడెక్కాయి. గుడ్డ పిండి, ఆవిడ భుజం తుడిచి, గౌను ముడి వేసి, ఏమీ విననట్టు బేసిన్ పట్టుకుని బయటికి వచ్చేసింది. ఇంట్లో దానికి కూనిరాగం అని పేరు. అన్నం వారుస్తున్నప్పుడు, బట్టలు మడతపెడుతున్నప్పుడు, దుప్పటి దులుపుతున్నప్పుడు నోట్లో తనంతట తాను తిరిగే ఆ రాగానికి ఆమె ఎప్పుడూ పాట అని పేరు పెట్టుకోలేదు. చేతులు పని చేస్తుంటే గొంతు ఊరుకోలేక చేసే చప్పుడది, అంతే. పొయ్యి మీద నీళ్ళు కాగుతున్నప్పుడు మూత ఆడినట్టు.

తబూక్‌లోని ఆ సౌదీ ఆస్పత్రిలో, ఆడవాళ్ళ ఎముకల వార్డులో, కూతురు జెస్సీ పుట్టకముందు నుంచీ నర్సుగా పనిచేస్తోంది సుజిత. నరసాపురం దగ్గర ఒక లంక ఊరు ఆమెది. ఈ వార్డుకి ఎంతమంది వచ్చారో, ఎంతమందికి ఒళ్ళు తుడిచిందో లెక్కలేదు. కానీ ఎడ్నా లాంటి మనిషి మాత్రం రాలేదు. ఎనభైకి దగ్గర పడిన అమెరికా ఆవిడ. మనవరాలు ఇక్కడి యూనివర్సిటీలో ఇంగ్లీషు చెబుతుంటే చూడ్డానికొచ్చింది. ఇక్కడి పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు డప్పులు కొట్టి పాడతారని విని, వినాలని పెళ్ళి హాలుకి వెళ్ళింది. పాడేవాళ్ళకి ఇంకాస్త దగ్గరగా జరగబోయి మెట్టు తప్పి తుంటి విరగ్గొట్టుకుంది. కిందపడి కూడా, పాట అయిపోయేదాకా ఎవరినీ పిలవలేదట. ఈ సంగతి మనవరాలు చెబితే డాక్టరు గారు తలపట్టుకున్నారు. ఎడ్నా మాత్రం, "మధ్యలో ఆపితే వాళ్ళు మళ్ళీ అలా పాడరు కదా," అంది.

మర్నాడు దిండ్లు సర్దుతూ సుజిత అడిగింది. "మీరేం చేసేవారు మామా? సింగరా?"

"నాకు గొంతెక్కడిది? పాటల రికార్డులు చేసేదాన్ని. పల్లెల్లో, కొండల్లో పాడుకునేవాళ్ళ పాటలు. వాళ్ళు పాడేవాళ్ళు, నేను వినేదాన్ని."

"అంతేనా?"

"అంతే. బతుకంతా అదే పని."

ఆ మాట సుజితని ఆ రోజంతా వదల్లేదు. వినడం ఒక పనెలా అవుతుంది? తనూ వింటూనే ఉంది పుట్టినప్పటి నుంచీ. గంట మోగితే ఏ మంచం నుంచో వినేది. పొద్దున కుక్కరు ఎన్నిసార్లు కూసిందో, స్నానాలగదిలో నీళ్ళు కట్టేశారో లేదో, ఫోనులో అత్తగారు ఏ మాట దగ్గర గొంతు తగ్గించిందో, గుమ్మంలో భర్త చెప్పులు విడిచిన చప్పుడుని బట్టి ఆయన ఈ రోజు ఎలా ఉన్నాడో వినేది. రోజు మొత్తం ఒంట్లో చెవులు తప్ప మరేమీ లేనట్టుండేది. దాన్ని పని అని ఒక్కరూ అనలేదు. ఈవిడ మాత్రం వినడాన్నే భుజాన వేసుకుని దేశమంతా తిరిగిందట! విన్నదానికి పేరు పెట్టి, డిస్కులుగా అచ్చు వేసి, జనం చేతుల్లో పెట్టిందట! అలాంటి బతుకు ఒకటి ఈ భూమ్మీద ఉంటుందని, అది ఒక ఆడమనిషి బతికిందని, ఇప్పుడు ఆ మనిషి తన చేతిలో తల పెట్టి మంచినీళ్ళు తాగుతోందని అనుకుంటే సుజితకి ఒళ్ళు జలదరించింది.

ఎడ్నా తన కథని ఒక్కసారిగా చెప్పలేదు. మందు బిళ్ళకీ బిళ్ళకీ మధ్య, పక్క మార్చేటప్పుడు, వాకర్ పట్టుకుని కిటికీదాకా నడిచేటప్పుడు ముక్కలు ముక్కలుగా చెప్పింది. బొగ్గు గనుల కొండల్లో పుట్టింది. పట్నంలో ఒక రికార్డుల కంపెనీలో టైపిస్టుగా చేరింది. కొండల్లో ఆడవాళ్ళు మగవాళ్ళ ముందు నోరు విప్పరని, ఆ కంపెనీ పెద్దమనిషి ఈవిడని వెంట తీసుకెళ్ళేవాడు. రికార్డింగు మిషను మోసేది ఈవిడ. వంటింట్లో కూర్చుని వాళ్ళతోపాటు చిక్కుళ్ళు వలుస్తూ, వాళ్ళు పెట్టింది తింటూ, పాట దానంతటది బయటికొచ్చేదాకా ఆగేది కూడా ఈవిడే. పెద్దమనిషి బయట కారులో సిగరెట్లు కాల్చేవాడు.

"డిస్కు మీద మీ పేరుండేదా?"

"ఉండేది. అట్ట వెనక, చివర్న. భోజనాలు పెట్టినవాళ్ళకీ టైపు కొట్టినవాళ్ళకీ కృతజ్ఞతలు అని," అంటూ నవ్వింది. నవ్వుకి తుంటి నొప్పి పుట్టి కళ్ళు మూసుకుంది. "అలా చాలా ఏళ్ళు. ఒకరోజు ఆ మిషను నా కారులో పెట్టుకుని నేనే బయల్దేరాను. జైళ్ళలో పాడించాను. చర్చిల్లో, గుర్రాల కొట్టాల్లో పాడించాను. స్టూడియో గ్లాసుగదిలో మాత్రం ఎవరినీ నిలబెట్టలేదు. మనిషి ఎక్కడ పాడుకుంటే అక్కడికే వెళ్ళాను."

ఒక మధ్యాహ్నం, టీ తాగే వేళ, మనవరాలు ఇచ్చిన ఫోనులోంచి ఒక పాట పెట్టి, చెవిలో పెట్టుకునేది సుజితకి ఇచ్చింది ఎడ్నా. వాయిద్యం లేదు. ఒక ఆడమనిషి గొంతు, అంతే. ఆ ఇంగ్లీషు సుజితకి సగమే అర్థమైంది. అర్థం కానక్కర్లేదు, అది జోలపాట. మధ్యలో ఎక్కడో పసిబిడ్డ ఏడ్చాడు. పాట ఆగలేదు. గొంతు మాత్రం కాస్త పక్కకి ఒరిగింది. బిడ్డని ఎత్తి చంకన వేసుకునేటప్పుడు నడుముతోపాటు గొంతు కూడా ఒరుగుతుంది చూడండి, అలా. గిన్నె మీది మూత కింద పడింది. బిడ్డ ఏడుపు వెక్కిళ్ళయింది, వెక్కిళ్ళు మెల్లగా పోయాయి, పాట సాగుతూనే ఉంది.

సుజిత టీకప్పు చల్లారిపోయింది.

"ఈ ఏడుపు తీసెయ్యలేదా మామా?"

"తీసెయ్యమని అందరూ అన్నారు. పాట పాడైందన్నారు. ఎందుకు తీస్తాను? ఆ పాట ఎవడి కోసమో వాడే కదా ఏడ్చింది!"

సుజిత ముఖం కిటికీవైపు తిప్పుకుంది. జెస్సీ పొత్తిళ్ళలో ఉన్నప్పుడు, భర్త జాబేజ్ పడగ్గది కిటికీలకి దుప్పట్లు కట్టి, మైకు కొని, "నువ్వు ఆలాపన ఇవ్వు, నేను పాట అందుకుంటాను," అన్నాడు. ఆమె కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. పాప లేచి ఏడ్చింది. జాబేజ్ హెడ్‌ఫోన్లు తీసి మంచం మీదికి విసిరి, "పాడు చేశారు తల్లీ కూతుళ్ళు! పాలు పట్టి పడుకోబెట్టాలని తెలీదా?" అన్నాడు. ఆ రోజు నుంచి ఆమె మైకు ముందు నిలబడలేదు. ఒక ఏడుపు వల్ల పాట పాడవుతుందని ఇన్నేళ్ళూ నమ్మింది. ఆ ఏడుపుని దాచి, కాపాడి, ప్రపంచానికి వినిపించిన మనిషి ఒకావిడ ఉందని తెలియక నమ్మింది.

"ప్రతి పాటకీ ఒకటే ప్రశ్న వేసేదాన్ని," అంది ఎడ్నా ఇంకోరోజు. "ఇది నీకెక్కడిది? అత్త దగ్గర నేర్చుకున్నానంటే అత్త దగ్గరికి వెళ్ళేదాన్ని. అత్త ఎవరో బట్టలుతికే ఆవిడ పేరు చెబితే ఆవిడ దగ్గరికి. చాలాసార్లు ఆ దారి ఏదో ఒక వంటింటి గుమ్మం దగ్గర ఆగేది. జానపదం అని రాసి పారేస్తారు హనీ. జానపదం అంటే ఎవరూ కట్టలేదని కాదు. కట్టినావిడని ఎవరూ అడగలేదని."

సుజితకి వాళ్ళమ్మ దయావతి గుర్తొచ్చింది. మోకాళ్ళ లోతు బురదలో వంగి నాట్లు వేస్తూ, గట్టు మీద గొడుగేసుకుని నిలబడ్డ ఆసామి మీద అప్పటికప్పుడు పాట కట్టేది. దాన్ని నాటేవాళ్ళ వరసంతా అందుకునేది, సాయంత్రానికి అది పక్క చేలోకి పాకి, మరుసటేడు పక్క ఊళ్ళో వినబడేది. ఎవరు కట్టారే అని ఒక్కరూ అడగలేదు. అమ్మ కూడా చెప్పుకోలేదు. ఇన్నాళ్ళూ సుజిత ఆ పాటలు నీళ్ళలోంచి పుట్టాయనుకుంది.

అప్పుడే, మొట్టమొదటిసారి, తన సంగతి ఆలోచించింది.

జాబేజ్ చెడ్డవాడు కాదు. ఆ మాట ఆమె తనకి తాను చాలాసార్లు చెప్పుకుంది. అతను సుజిత ఇఖామా, అంటే ఆమె నివాస అనుమతి, మీద వచ్చినవాడు, భార్య వెనక వచ్చిన మగాడని ఊళ్ళో అనిపించుకున్నవాడు. ఇక్కడ కారు విడిభాగాల కొట్లో కౌంటరు దగ్గర నిలబడతాడు. రోజంతా "యా హిందీ", ఏయ్ ఇండియావాడా, అని పిలిపించుకుంటాడు. శుక్రవారం మాత్రం దానం గారి ఫ్లాటులో తెలుగువాళ్ళు ప్రార్థనకి చేరినప్పుడు అతను బ్రదర్ జాబేజ్. ఈ దేశంలో చర్చికి అనుమతి లేదు కనుక బయటికి వినబడకుండా కిటికీలు మూసి, ఏసీ వేసి, చప్పట్లకి బదులు అరచేతిలో రెండు వేళ్ళతో తాళం వేస్తూ అందరూ మెల్లగా పాడతారు. ఆ మెల్లని పాటకి ముందు నడిచే గొంతు అతనిది. మంచి గొంతు. ఫోన్లో చూసేవాళ్ళకి, ఇండియాలో వాళ్ళకి కూడా ఆ పాటలు చేరుతున్నాయి. పాట కింద ఎప్పుడూ ఒకే మాట: రచన, స్వరం, గానం బ్రదర్ జాబేజ్. మాటలు అతనివే. స్వరం సుజితది. ప్రతిదీ సుజితదే. "ఆ కూనిరాగం ఒకసారి ఫోన్లో అనేసి పంపించవే," అంటాడు డ్యూటీకి వెళ్తుంటే. ఆమె బస్సులో అనేసి పంపిస్తుంది.

ఒక్కసారి, తొలి రోజుల్లో, నవ్వుతూ అడిగింది, నా పేరు కూడా వెయ్యొచ్చుగా అని. అతను నవ్వాడు. అతనికంటే ముందు ఫోన్లో ఉన్న అత్తగారు అందుకుంది. "పాడేవాడిది పాట, వండేదానిది కూర. నీ కూరలో వాడు వాటా అడిగాడా?" ఆ మాటకి అందరూ నవ్వారు, సుజిత కూడా. తర్వాత ఆమె అడగలేదు. అడక్కపోవడానికి భయం కారణం కాదు, జాలి. ఇక్కడ ఆయనకి ఉన్నది ఆ పాటొక్కటే కదా, నాకు ఉద్యోగం ఉంది, జీతం ఉంది, నలుగురు సిస్టర్ అని పిలుస్తారు, ఆ కాస్తా ఆయన్నే ఉంచుకోనిద్దాం అనుకుంది. ప్రతి పాటా అలాగే ఇచ్చింది, బతిమాలించుకోకుండానే భిక్ష వేసినట్టు. ఇచ్చి, ఇచ్చినట్టు తనే మర్చిపోయింది. అంతగా మర్చిపోయింది కాబట్టే, పరాయి దేశపు ముసలావిడ ఆగు అన్నప్పుడు, నేనేం పాడట్లేదు అంది.

ఎడ్నా సంగతి జాబేజ్‌కి జెస్సీ ద్వారా తెలిసింది. భోజనాల దగ్గర చెయ్యి కడుక్కోకుండా ఫోన్లో ఆవిడ గురించి వెతికి, కళ్ళింతలు చేసుకున్నాడు. "అమ్మో, ఈవిడ మామూలు మనిషి కాదే! ఎంతమందిని పైకి తెచ్చిందో చూడు. సుజీ, ఒక్కసారి నన్ను మాట్లాడించవే. ఒక్క పాట వింటే చాలు."

"ఆవిడ పేషెంటండీ."

"విజిటర్స్ టైములోనే వస్తాను. నువ్వు పక్కనుంటావుగా, నా ఇంగ్లీషు సంగతి తెలుసుగా."

ఆమె ఎడ్నాని అడిగింది. ఎడ్నా, "పాడేవాళ్ళని ఎప్పుడైనా కాదన్నానా?" అంది.

మర్నాడు పొద్దు వాలే వేళ, అసర్ నమాజు అయ్యాక, ఇస్త్రీ చొక్కాతో, చేతిలో చిన్న స్పీకరుతో వచ్చాడు జాబేజ్. మనవరాలు కాఫీకి కిందికి వెళ్ళింది. గదిలో ముగ్గురే. అతను ట్రాకు పెట్టబోతుంటే ఎడ్నా చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ పెట్టె వద్దు. ఊరికే పాడు."

సుజిత తెలుగులో చెప్పింది. జాబేజ్ గొంతు సవరించుకుని, క్రిస్మస్‌కని కొత్తగా చేసిన పాట ఎత్తుకున్నాడు. ముందు భయపడ్డాడు, తర్వాత భయం పోయింది. నిజంగా బాగా పాడాడు. ఆ పాటలో పైకి వెళ్ళాల్సిన చోట బాణీ కిందికి దిగుతుంది. మంచం మీద మనిషిని అటు తిప్పేందుకు సుజిత వంగినప్పుడు, ఊపిరితోపాటు దిగిన మెట్టు అది. ఆ చోటు రాగానే ఎడ్నా కళ్ళు తెరిచింది. సుజితవైపు చూడలేదు. గది కప్పువైపు చూస్తూ చివరిదాకా వింది.

"చాలా మంచి గొంతు. ఉన్నమాట చెబుతున్నాను," అంది. "ఇది నీకెక్కడిది?"

సుజిత ఆ ప్రశ్నని భర్తకి తెలుగులో అందించింది.

"దేవుడిచ్చాడని చెప్పు," అన్నాడు జాబేజ్, చెయ్యి గుండె మీద పెట్టుకుని.

"దేవుడిచ్చాడంటున్నారు మామా," అంది సుజిత ఇంగ్లీషులో.

"నమ్ముతాను. నేను విన్న మంచి పాటలన్నీ ఆయనిచ్చినవే. కానీ ఆయన పాటని గాలికి వదలడు. ఎవరో ఒకరి చేతిలోనే పెడతాడు. ఎవరికిచ్చాడు?"

"'ఎవరికిచ్చాడు' అని అడుగుతున్నారండీ."

"ఎవరికేంటి సుజీ? నాకు. నాకిచ్చాడని చెప్పు."

ఇంగ్లీషులోకి తిప్పడానికి రెండు చిన్న మాటలు. అప్పటిదాకా ప్రతి వాక్యానికీ ముందు 'మా ఆయన అంటున్నారు' అని చేర్చింది. ఇప్పుడూ అదే చేర్చాలి. నోరు తెరిచింది. ఆ ముసలావిడ ఇంకా కప్పువైపే చూస్తోంది. తెలిసి అడుగుతోంది, తెలిసే తనవైపు చూడ్డం లేదు. తన తరఫున ఆవిడ చెప్పదు. ఎవరి పాటనైనా వాళ్ళ నోటితోనే వినాలని బతుకంతా చిక్కుళ్ళు వలుస్తూ కూర్చున్న మనిషి, ఈ పూట కూడా అలాగే కూర్చుంది, తుంటి విరిగినా. కొండల్లో ఏ వంటింట్లోనో, ఏ బట్టలుతికే ఆవిడ ముందో ఇలాగే ఆగి ఉంటుంది కదా ఈవిడ! వాళ్ళందరికీ ఈ ఒక్క క్షణం వచ్చి ఉంటుంది కదా! అమ్మకి మాత్రం రాలేదు. బురదలో వంగిన ఆ నడుము దగ్గరికి ఎవరూ వచ్చి అడగలేదు. నన్ను అడిగారు. ఇంత పెద్ద లోకంలో, ఈ ఎడారి పక్క ఊళ్ళో, నన్ను వెతుక్కుంటూ ఒక ప్రశ్న వచ్చింది.   

"టు మీ," అంది సుజిత.

ముందు ఏమీ చేర్చలేదు.

"యెస్, యెస్," అన్నాడు జాబేజ్, తల ఊపుతూ.

ఎడ్నా అప్పుడు తల తిప్పి సుజితని చూసింది.  "థాంక్యూ," అంది ఆమెతో. "థాంక్యూ మేడమ్," అన్నాడు జాబేజ్.

తిరిగి వెళ్ళేటప్పుడు అతని సంతోషానికి కారు చాల్లేదు. ఈ పూట వంట చెయ్యొద్దన్నాడు. షవర్మా కొట్టు ముందు కారు ఆపి, ఇంట్లో ఉన్న జెస్సీతో కలిపి ముగ్గురికీ చెప్పి వచ్చి కూర్చున్నాడు. ఎదురుగా రోడ్డు చివర కొండలు ఎర్రబడుతున్నాయి.

"ఎంత బాగా చెప్పావే! దేవుడు నాకిచ్చాడనగానే ఆవిడ మొహం చూశావా? వెలిగిపోయింది."

"చూశాను."

"నువ్వు చేసే తర్జుమాలో ఒక గొప్పదనం ఉంది సుజీ. నా మనసులో మాట ఉన్నదున్నట్టు చెప్పావు."

సుజిత సీటు బెల్టు తీసి అతనివైపు తిరిగింది. "అది మీ మాట కాదండీ."

"అదేంటి, 'టు మీ' అన్నావుగా. నేను విన్నాను."

"అన్నాను. ఆవిడ అడిగారు. నేను జవాబు చెప్పాను."

అతని నవ్వు వెంటనే పోలేదు, స్విచ్చి కట్టేశాక ఫ్యాను తిరిగినట్టు కాసేపుండి ఆగిపోయింది. అతనికి అర్థం కావడం ఆమె చూసింది. ఇదివరకైతే ఇక్కడే ఏదో ఒక మాట కలిపి మెత్తబరిచేది. మీరు పాడితేనే కదండీ దానికి అందం అనేది, లేదా ఊరికే అన్నాలెండి అనేది. ఆ మాటలు రెండూ నాలుక దాకా వచ్చాయి. మింగేసింది. ఎడ్నా పాటలు పాడేవాళ్ళ ముందు ఆగినట్టు ఆగింది.

జాబేజ్ స్టీరింగు మీద వేలితో గీస్తూ కూర్చున్నాడు. కొట్టువాడు పొట్లాలు పట్టుకుని అద్దం మీద తట్టాడు. అందుకుని, ఒళ్ళో పెట్టుకుని, ఆమెవైపు చూడకుండా మెల్లగా అన్నాడు.

"ఇప్పుడు పేర్లెందుకు సుజీ? నీదేంటి, నాదేంటి? మనిద్దరం ఒకటే కదా."

"ఒకటేనండీ," అంది సుజిత. "అందుకే, ఇక నుంచి నా పేరే వెయ్యండి."